వయోవృద్ధుల పోషణ చట్టం, 2007: ఆస్తి రాసి ఇచ్చే ముందు

వృద్ధులను వేధించడం అనగానే దెబ్బలు, తిట్లు గుర్తుకు వస్తాయి. వేళకు అన్నం పెట్టకపోవడం, మందులు తేకపోవడం, పింఛను సొమ్ము తీసేసుకోవడం కూడా వేధింపు, నిర్లక్ష్యం కిందికే వస్తాయి. వీటికి గాయాలు కనిపించవు. అందుకే ఫిర్యాదులు తక్కువ.

విశాఖపట్నం పరిస్థితిని చూడండి. ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో పనిచేసిన ఉద్యోగి పదవీ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేయాలి. పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బుతో గాజువాక వైపు ఇల్లు కట్టుకున్నాడనుకుందాం. జీవితకాలపు సంపాదన ఆ ఇల్లే. కొడుకు చూసుకుంటాడన్న నమ్మకంతో దానిని అతని పేరిట గిఫ్ట్ డీడు రాస్తాడు. ఆ తరువాత ఆదరణ తగ్గితే ఏం చేయాలి?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ఈ ప్రశ్నకే జవాబు. కనీస అవసరాలు తీర్చాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించగలదు. ఇందులో కీలకమైన మాట ‘షరతు’. అటువంటి షరతు ఉన్నట్టు చూపాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా చదవాలంటూ, కొడుకుకిచ్చిన దానాన్ని రద్దుచేసి, ఆస్తి ఆమెకు తిరిగి అప్పగించమంది. అయినా కోర్టు ఉదారత మీద ఆధారపడడం కన్నా, దస్తావేజులోనే ఒక వాక్యం రాయించుకోవడం తెలివైన పని. కన్నకొడుకు దగ్గర షరతులేమిటని మొహమాటపడేవారే ఎక్కువ. ఆ మొహమాటం ఖరీదు ఒక్కోసారి ఇల్లంత ఉంటుంది.

ఆస్తి సంగతి ఎలా ఉన్నా, 60 ఏళ్ళు నిండి, తనను తాను పోషించుకోలేని వ్యక్తి మనోవర్తి కోరవచ్చు. తల్లిదండ్రులకైతే ఈ వయోపరిమితి లేదు. కొడుకులతో పాటు కూతుళ్ళు, మేజర్లయిన మనుమలు, మనుమరాళ్ళు కూడా బాధ్యులే. సంతానం లేనివారు తమ ఆస్తికి వారసులయ్యే బంధువులను అడగవచ్చు. ట్రిబ్యునల్‌కు ఆర్.డి.ఓ. అధ్యక్షత వహిస్తారు. విశాఖ జిల్లాలో విశాఖపట్నం, భీమునిపట్నం రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. దరఖాస్తును స్వయంగా ఇవ్వలేకపోతే మరొకరి ద్వారా, లేదా స్వచ్ఛంద సంస్థ ద్వారా ఇవ్వవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే మరో 30 రోజులు. ఈ విధానంలో న్యాయవాదిని పెట్టుకోనవసరం లేకుండా చూడడమే చట్టం ఉద్దేశం.

మనోవర్తికి గరిష్ఠ పరిమితి నెలకు రూ.10,000. 2007 నాటి పదివేలు ఈనాటి పదివేలు కావు. ఈ పరిమితిని సవరించవలసి ఉంది.

సంరక్షణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను పూర్తిగా విడిచిపెట్టే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే 24వ సెక్షన్ ప్రకారం మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ట్రిబ్యునల్ ఉత్తర్వుతో తృప్తి చెందని వృద్ధులు 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు ముందుగా 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.