చందా నిర్బంధమైనచో చికిత్స?

జీతమునుండి ప్రతిమాసము నిర్బంధముగా చందా గైకొను ప్రభుత్వము, ఉద్యోగి వ్యాధిగ్రస్తుడైనపుడు చికిత్స నొసంగుటకు తానును నిర్బంధింపబడవలదా? జర్మనీ 1883లోనే కార్మికుల ఆరోగ్యబీమాను శాసనముచే నిర్బంధ మొనర్చెను. చందాలో మూడింట రెండుపాళ్లు కార్మికుడును, ఒకపాలు యజమానియు చెల్లించుచుండిరి. మనదేశమున 1948 నాటి కార్మిక రాజ్యబీమా శాసనము కార్మికునకు హక్కునే గాక, తగవు వచ్చినచో విచారించుటకు ప్రత్యేక న్యాయస్థానమును గూడ నొసంగినది. 1954లో ఢిల్లీయందు ఆరంభమైన కేంద్రప్రభుత్వోద్యోగుల ఆరోగ్యపథకమునకు మాత్రము అట్టి శాసనము లేదు. సర్కారు ఉత్తరువులే దిక్కు. ప్రాణాపాయవేళ చేరిన ఆసుపత్రి జాబితాలో లేదను నెపమున పింఛనుదారునకు చికిత్సావ్యయమును నిరాకరింపరాదని 2018లో సర్వోన్నత న్యాయస్థానమే చెప్పవలసివచ్చెను. రోగి మందుకొఱకు న్యాయస్థానపు మెట్లెక్కవలెనా? చందా ప్రభుత్వమునకు హక్కయినచో చికిత్స ఉద్యోగికి హక్కు కావలెను. ఉత్తరువు నేడుండి రేపు మారును. హక్కునకు శాసనమే పునాది.