నొప్పి ఒకచోట, డిస్కు మరోచోట

డిస్కు జారిందనగానే చాలామందికి గుర్తొచ్చేది నడుములో మొదలై పిరుదు, తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా లాగే నొప్పి. దీన్నే సయాటికా అంటాం. ఇది ఎక్కువమందిలో కొన్ని వారాల్లో మందులతో తగ్గుతుంది, స్కానింగు అవసరమే రాదు. కానీ కొందరి నొప్పి ఈ దారిన పోదు. గజ్జల్లో నొప్పి, తొడ ముందువైపు మంట అంటారు. అప్పటికే మోకాలికో, తుంటికో మందులు వాడి విసిగిపోయి ఉంటారు. ఇలాంటివారికి ఎమ్మారై స్కానింగు ఎలా ఉపయోగపడుతుందో చూద్దాం.

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుకు బయట గట్టి పొర, లోపల గుజ్జు ఉంటాయి. పొర చిట్లితే గుజ్జు సాధారణంగా వెనక్కి, కాస్త పక్కకు వస్తుంది. నడుములోని 4, 5 పూసల మధ్య ఇలా జరిగితే ఐదో నరం ఒత్తుకుపోతుంది. అదే డిస్కు బాగా పక్కకు, నరం బయటికి వచ్చే రంధ్రం దాకా జారితే దెబ్బతినేది నాలుగో నరం. నొప్పి తొడ ముందుకు రావడానికి కారణం ఇదే. వెన్నులోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే మైలోగ్రామ్‌లో ఇది తరచు దొరికేది కాదు. మందు అంత పక్కకు చేరదు మరి! ఎమ్మారైలో మాత్రం ఆ రంధ్రంలోని కొవ్వు తెల్లగా కనిపిస్తుంది. జారిన ముక్క ఆ తెలుపును చెరిపేస్తుంది. అయితే మధ్య చిత్రాలతో సరిపెట్టుకోకుండా చివరి పక్క చిత్రాలు కూడా చూడాలి. నొప్పి ఎక్కడుందో స్కానింగు చీటీలో డాక్టరు వివరంగా రాయాలని మేము అనేది అందుకే.

ఒక్కోసారి ముక్క పూర్తిగా తెగి, పైకో కిందికో జరిగిపోతుంది. చూడటానికి అచ్చం గడ్డలా ఉంటుంది. ఇంట్లోవాళ్లు క్యాన్సరేమోనని బెంబేలెత్తిపోతారు. అప్పుడు గాడోలినియం అనే మందు నరానికి ఎక్కించి మళ్లీ చిత్రాలు తీస్తారు. డిస్కు ముక్కయితే సాధారణంగా అంచు మాత్రమే వెలుగుతుంది, గడ్డలు చాలావరకు లోపలంతా వెలుగుతాయి. ఇలా తెగిన ముక్కలు కొన్ని నెలల్లో వాటంతటవే కరిగిపోవడం కూడా ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ మందుకు ముందే ఆ సంగతి చెప్పాలి.

ఛాతీ వెనక పూసల్లో డిస్కు జారడం అరుదు. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి, కాళ్లు బిగుసుకుని నడక తడబడటం దీని లక్షణాలు. నడుము ఒక్కటే స్కాన్ చేస్తే ఇది బయటపడదు. ఇక్కడి డిస్కులో సున్నం పేరుకోవడం ఎక్కువ కాబట్టి సీటీ కూడా అవసరం కావచ్చు.

స్కానులో కనబడిందల్లా జబ్బు కాదు. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగం మందికి పైగా డిస్కు ఉబ్బు కనిపించింది. రిపోర్టు ఒక్కటి పట్టుకుని ఆపరేషనుకు తొందరపడవద్దు.

కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, కాళ్లు పట్టు తప్పుతున్నా ఒక్కరోజు కూడా ఆగకండి. రాత్రయినా సరే, అత్యవసర విభాగానికి వెళ్లండి. గుండెకు పేస్‌మేకరు గాని, ఒంట్లో ఏదైనా లోహపు ముక్క గాని ఉంటే స్కానింగు గదిలోకి వెళ్లకముందే చెప్పండి. పాత ఫిల్ములుంటే వెంట తెచ్చుకోండి.