సున్నా సెకను ఎక్కడ పడాలి?

హెచ్‌పీఎల్‌సీలో శాంపిల్ కాలమ్‌లోకి వెళ్లిన క్షణమే సున్నా. అక్కడి నుంచి ఎన్ని నిమిషాలకు పీక్ వచ్చిందో చూసి అది ఏ పదార్థమో పోల్చుకుంటారు. పాత యంత్రానికి కొత్త కంప్యూటర్ తగిలించిన ల్యాబుల్లో ఈ సున్నాను మౌస్ నొక్కి పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చేత్తో నొక్కితే ఒకసారికీ మరోసారికీ అర సెకను తేడా సులువుగా వస్తుంది. 20 నిమిషాలకు వచ్చే పీక్‌కు అది 0.04 శాతమే. నిమిషానికే వచ్చే పీక్‌కు మాత్రం 0.83 శాతం. పీక్ వైశాల్యం మారదు కానీ, దాని చోటు మారిపోతుంది.

ఈ పని యంత్రమే చేసిపెడుతుంది. ఆటోశాంప్లర్ వెనక రెండు టెర్మినళ్లు ఉంటాయి. ఇంజెక్షన్ జరగగానే లోపలి రిలే ఆ రెంటినీ కలుపుతుంది. అది ఉత్త స్విచ్. వోల్టేజీ మనమే ఇవ్వాలి. 5 వోల్టుల నుంచి ఒక రెసిస్టర్ ద్వారా, కంప్యూటర్‌కు కలిపిన ఆర్డుయినో లాంటి చిన్న బోర్డు ఇన్‌పుట్ పిన్‌కు, ఆ పిన్ నుంచి రిలే ద్వారా గ్రౌండ్‌కు వైరు కలిపితే చాలు. రిలే తెరిచి ఉన్నప్పుడు పిన్ మీద 5 వోల్టులు, మూసుకుంటే సున్నా. ఆర్డుయినో ఊనో బోర్డు 1.5 వోల్టులకు తక్కువైతే సున్నాగా, 3 దాటితే ఒకటిగా చదువుతుంది. వైరు బిగించే ముందు ఆ టెర్మినళ్ల మీద వోల్టేజీ ఏమీ లేదని మల్టీమీటర్‌తో చూసుకోవాలి. పక్కనే 24 వోల్టులు ఉండే యంత్రాలూ ఉన్నాయి.

రెసిస్టర్ ఎంత పెట్టాలి? చాలామంది అలవాటుగా 10 కిలో ఓమ్‌లు పెడతారు. అప్పుడు కాంటాక్ట్ గుండా పారేది అర మిల్లీ ఆంపియర్. బంగారు పూత ఉన్న చిన్న సిగ్నల్ రిలేకు అది ధారాళంగా సరిపోతుంది. వెండి కాంటాక్టుల మీద మాత్రం కాలం గడిచేకొద్దీ నల్లటి సల్ఫైడ్ పొర పడుతుంది. అంత చిన్న కరెంటు ఆ పొరను ఛేదించలేదు. ‘టక్’మని రిలే చప్పుడు వినిపిస్తుంది, కంప్యూటర్ మాత్రం కదలదు. కొన్ని పవర్ రిలేల డేటాషీట్లలో కనీస లోడు 5 వోల్టుల దగ్గర 100 మిల్లీ ఆంపియర్లని రాసి ఉంటుంది. 1 కిలో ఓమ్ పెడితే 5 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆసిలోస్కోప్‌లో చూస్తే, రిలే ఒక్కసారి మూసుకుని ఊరుకోదని తెలుస్తుంది. లోహపు రేకు తాకి, ఎగిరి, మళ్లీ తాకుతుంది. గీత కొన్ని మిల్లీసెకన్ల పాటు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ప్రతి తాకిడినీ ట్రిగ్గర్‌గా తీసుకుంటే ఒకే ఇంజెక్షన్‌కు నాలుగైదు ఫైళ్లు తెరుచుకుంటాయి. అందుకే మొదటి తాకిడి సమయాన్ని నమోదు చేసుకుని, తర్వాత 50 మిల్లీసెకన్ల పాటు ఏం జరిగినా వదిలేయాలి.

ఆలస్యం ఉండడం వేరు, అది మారుతూ ఉండడం వేరు. రిలే మూసుకోవడానికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతిసారీ దాదాపు అంతే గనుక దానితో చిక్కు లేదు. ప్రోగ్రామ్ 200 మిల్లీసెకన్లకోసారి వచ్చి పిన్ చూసిపోతుంటే, ఆలస్యం సున్నా నుంచి 200 వరకూ ఎంతైనా కావచ్చు. రిలే 100 మిల్లీసెకన్లే మూసుకుని తెరుచుకునే రకమైతే ఇంజెక్షన్ పూర్తిగా తప్పిపోవచ్చు కూడా. ఆ పని బోర్డులోని ఇంటరప్ట్‌కు అప్పగించాలి. 16 మెగాహెర్ట్జ్ ఊనోలో మైక్రోసెకన్ల గడియారం 4 మైక్రోసెకన్ల మెట్లలో లెక్కిస్తుంది. ఈ పనికి అది చాలా ఎక్కువే.

అన్నీ కుదిరాయో లేదో చూడాలంటే ఒకే స్టాండర్డ్‌ను ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి, మొదటి పీక్‌నూ చివరి పీక్‌నూ కలిపి చూడాలి. రెండూ ఒకే అర సెకను జరిగితే తప్పు ట్రిగ్గర్‌ది. నిమిషం దగ్గరి పీక్ 0.6 సెకన్లు, 20 నిమిషాల పీక్ 12 సెకన్లు ఆలస్యంగా వస్తే రిలే జోలికి పోనక్కర్లేదు. ఫ్లో ఒక శాతం తగ్గిందన్నమాట, పంపు విప్పాలి.