యుగము, శకము, సంవత్సరనామము

వ్రతమునకు కూర్చున్న తెలుగు గృహస్థుడు సంకల్పము చెప్పునప్పుడు శ్వేతవరాహకల్పముతో మొదలిడి, వైవస్వతమన్వంతరమును, కలియుగమున ప్రథమపాదమును దాటి, జరుగుచున్న సంవత్సరము పేరునకు వచ్చి, నాటి తిథివారములతో ముగించును. కోట్ల ఏండ్ల కొలతయు, అరువదేండ్ల చక్రమున ఒక పేరును అందు కలవు. రెంటిని కలుపవలసిన వరుససంఖ్య మాత్రము లేదు.

కలియుగమునకు 4,32,000 ఏండ్లనియు, ద్వాపర త్రేతా కృతయుగములు దానికి వరుసగ రెండు, మూడు, నాలుగు రెట్లనియు స్మృతిపురాణముల మతము. నాలుగును కలిసి 43,20,000 ఏండ్ల మహాయుగము. అట్టివి వేయి ఒక కల్పము. వీనిని వట్టి అతిశయోక్తులని త్రోసివేయరాదు. గ్రహములన్నియు ఒకచోట బయలుదేరి, పూర్ణసంఖ్యలో భ్రమణములు ముగించి, మరల కూడుటకు జ్యోతిష్కులకు అంత కాలము కావలసివచ్చినది. కల్యారంభమని చెప్పబడు క్రీ. పూ. 3102 ఫిబ్రవరి 18వ తేదీయు నాడు చూచినవారు వ్రాసియుంచినది కాదు. సిద్ధాంతకర్తలు వెనుకకు గుణించి నిలిపినది. ఆర్యభటుడు మహాయుగమును నాలుగు సమభాగములు చేసెను. అది స్మృతివిరుద్ధమని బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను. ధర్మక్షయమునకు కొలతయైన యుగము గణితజ్ఞునకు ఒక సౌకర్యము మాత్రమే. కలిలో 3600 ఏండ్లు గడచునప్పటికి తనకు 23 ఏండ్లని ఆర్యభటుడు చెప్పికొనుటచే ఆయన కాలము మనకు స్థిరపడినది: అది క్రీ. శ. 499. ఐహోళె శాసనమున రవికీర్తి భారతయుద్ధమునుండి 3735 ఏండ్లని చెప్పి ఊరకుండక, శకవర్షము 556 అనియు చేర్చెను. క్రీ. శ. 634 నాటి ఆ కవి జాగ్రత్త మెచ్చదగినది.

ఇక ప్రభవాదులు. ఈ పేర్లు గురుగ్రహమునకు చెందినవి. గురుడొక రాశి దాటుటకు సుమారు 361 దినములు పట్టును. సౌరవర్షము అంతకంటె నాలుగు దినములు పైచిలుకు పెద్దది. అందువలన సుమారు 85 ఏండ్లకొక పేరు విడువవలెను. ఉత్తరదేశీయులు విడుచుచువచ్చిరి; దక్షిణాత్యులు మానిరి. కనుకనే ఒకే ఏటికి అచ్చట ఒక పేరు, ఇచ్చట ఒక పేరు.

పేరు జనుల నోట నిలుచును. రాయలసీమ ముసలివారు 1876-77 నాటి క్షామమును ధాత కరువనిరి. అంకెతో ఎవరును చెప్పుకొనలేదు. కాని ధాత 1816లోను వచ్చెను, 1936లోను, 1996లోను వచ్చెను. కన్నవారు, విన్నవారు ఉన్నంతవరకే ఆ పేరు ఏ ధాతయో చెప్పగలదు.

తాళపత్రప్రతుల చివర ఈ చిక్కు మిక్కుటము. లేఖకుడు సంవత్సరనామము, మాసము, తిథి, వారము వ్రాసి శకసంఖ్య విడుచును. తిథివారముల పొందికను గుణించిన కొన్ని ఆవృత్తులు తొలగును, ఒక్కొక్కప్పుడు రెండు మూడు మిగులును. శకసంఖ్య ఉన్నను అది గతవర్షమో వర్తమానవర్షమో తేల్పవలెను. పైగా అది ప్రతి వ్రాసిన కాలమే కాని కృతి రచించిన కాలము కాదు. ఒక కవిని అరువదేండ్లు జరిపినచో ఆయన ఆశ్రయించిన రాజు మారును, ఎవరు ఎవరిని అనుసరించిరను నిర్ణయము తలక్రిందులగును.

మేఘనాథ్ సాహా అధ్యక్షుడుగ 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము శకసంఖ్యనే జాతీయగణనకు ఎన్నుకొనెను. 1957 మార్చి 22 శక 1879 చైత్రము 1 అయ్యెను. ఆ అంకె ప్రభుత్వపత్రములలో నిలిచినది. ఉగాదినాడు ఇంటింట వినబడునది మాత్రము పేరే. ఇప్పటికిని పీఠిక చివర సంవత్సరనామము, ఉగాది అని మాత్రమే వ్రాసి సంతకము చేయు కవులు కలరు. ప్రక్కన నాలుగంకెలు చేర్చుటకు ఆ పుటలో చోటు లేకపోలేదు.