ఓటుకో బస్సు, మాటకో నడక!

మీకు తెలుసా? నయాపూల్‌లో దిగి మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే వచ్చే చార్మినార్ దగ్గరే 1990 అక్టోబర్ 19న రాజీవ్ గాంధీ సద్భావన యాత్ర మొదలుపెట్టారు. 32 ఏళ్ల తర్వాత, 2022 నవంబర్ 1న, కొడుకు రాహుల్ భారత్ జోడో యాత్రలో నడుస్తూ సరిగ్గా అక్కడికే వచ్చి జెండా ఎగరేశారు. మనం గాజులు కొనడానికి వెళ్లే దారండీ అది!

మీకు తెలుసా? 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకీ, రెండు తెలుగు రాష్ట్రాల్లోని లోక్‌సభ సీట్లకూ ఒకే రోజు పోలింగ్. దాంతో ఓటేయడానికి ఊళ్లకు బయల్దేరినవాళ్లతో నయాపూల్‌కు కూతవేటు దూరంలోని ఇమ్లిబన్ బస్టాండ్‌కు మే నెలలోనే సంక్రాంతి వచ్చింది. విజయవాడ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు లోపల పడేది. సీటు ఖరారు! ఆ ఎన్నికల్లో ఏపీ పోలింగ్ 81 శాతం దాటింది. మన హైదరాబాద్ లోక్‌సభ స్థానం? 48 శాతం దగ్గరే చతికిలబడింది. అయ్యో!

మీకు తెలుసా? 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. 2017లో ఇడుపులపాయలో బయల్దేరిన కొడుకు జగన్ కూడా ఇచ్ఛాపురంలోనే ఆగారు. 341 రోజులు, 3,648 కిలోమీటర్లు. అంతా ఒక్క రాష్ట్రంలోనే! ఆ చెప్పుల గతేమైందో?

మీకు తెలుసా? 2023లో మాల్దీవులకు వెళ్లిన భారతీయులు 2 లక్షల 9 వేల మంది. 2024 జనవరిలో అక్కడి మంత్రులు మన ప్రధానిపై నోరుజారారు. ఆ ఏడాది వెళ్లింది 1 లక్షా 30 వేలే!

2025 మేలో ఇంకా వేగం. పాకిస్తాన్‌కు మద్దతు పలికాయన్న కోపంతో, వారం తిరిగేసరికి టర్కీ, అజర్‌బైజాన్ బుకింగులు 60 శాతం పడిపోయాయని మేక్‌మైట్రిప్ ప్రకటించింది. సర్దిన పెట్టెలు మళ్లీ విప్పేశారు!

నన్ను అన్నిటికన్నా కదిలించేది మాత్రం 1938 నాటి ముచ్చట. వందేమాతరం పాడారని నిజాం రాజ్యంలో వందలమంది విద్యార్థులను కాలేజీల నుంచి వెళ్లగొట్టారు. పాట మానేస్తే సరిపోయేది. వాళ్లు మానలేదు. చాలామంది చదువు కోసం ఏకంగా నాగపూర్ దారి పట్టారు. ఆ గుంపులో ఓ పదిహేడేళ్ల కుర్రాడూ ఉన్నాడు.

పేరు పి.వి.నరసింహారావు!