ఊళ్ళోనా, పేటలోనా? ఇంటర్నెట్ చిరునామాల్లో మన చోటు

కోనసీమలో ఎవరినైనా "మీదెక్కడ?" అని అడిగితే ముందు ఊరి పేరు చెబుతారు. వాడపల్లి అంటే చాలు, అవతలివాళ్ళకు వెంకన్న గుడి, శనివారం జనం గుర్తొస్తారు. ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఊళ్ళోనా, పేటలోనా?" నోటితో కులం అడగకుండా కులం తెలుసుకునే పద్ధతి ఇది. మన దగ్గర చిరునామా ఉత్తరం చేరడానికే కాదు, మనిషిని ఎంత దూరంలో నిలబెట్టాలో తేల్చుకోవడానికి కూడా పనికొస్తుంది.

ఇంటర్నెట్‌లో చిరునామాలు ఎవరు పంచుతారు, వాటి నియమాలు ఎవరు రాస్తారు అనే విషయాన్ని కంప్యూటర్ చదువుకున్నవాళ్ళకే వదిలేయకూడదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

మన జిల్లా సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్ళకు నిప్పు పెట్టారు. జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరుకు ఆమోదం తెలిపింది. అంత జరిగాక దక్కిన పేరు అది. ఇప్పుడు జిల్లా వెబ్‌సైట్ తెరిస్తే పేజీ మీద పూర్తి పేరు ఉంటుంది. పైన చిరునామా గడిలో మాత్రం "కోనసీమ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అనే ఉంటుంది. అదే ఏడాది విజయవాడ కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు చిరునామాలోనే "ఎన్టీఆర్" ఉంది. దీని వెనక కుట్ర ఉందని నేను అనడం లేదు. జిల్లా పుట్టినప్పటి పేరుతో చిరునామా తీసుకుని, తర్వాత మార్చాలని ఎవరికీ తోచకపోయి ఉండొచ్చు. కానీ ఎవరికీ తోచకపోవడం కూడా చిన్న విషయమేమీ కాదు.

ఈ చిరునామానే డొమైన్ నేమ్ అంటారు. దాన్ని కుడి నుంచి ఎడమకు చదివితే అధికారం ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతుందో కనిపిస్తుంది. అన్నిటికంటే పైన "రూట్" అనే పట్టిక ఉంటుంది. ప్రపంచంలో డాట్‌కామ్, డాట్‌ఇన్ లాంటి చివరి పేర్లు ఏవేవి ఉండాలో చెప్పేది అదే. దాని విధానాలను 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏర్పడిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూస్తుంది. దాని కింద డాట్ ఇన్ వ్యవహారం నిక్సీది. 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాకు అది పొట్టిపేరు. నిక్సీ నుంచి రిజిస్ట్రార్లనే కంపెనీలు పేర్లు తీసుకుని మనకు అమ్ముతాయి. అమ్మకం అంటున్నాం గానీ నిజానికి అది కౌలు. ఏడాదికో, అయిదేళ్ళకో కట్టాలి, గడువు దాటితే పోతుంది. డాట్ గవ్ డాట్ ఇన్ మాత్రం అంగట్లో దొరకదు, ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. కాబట్టి జిల్లా చిరునామాలో అంబేడ్కర్ పేరు కావాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. కలెక్టరేట్‌లో అర్జీతో మొదలుపెట్టొచ్చు.

పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. డాట్ ఇన్‌కు సమానంగా తెలుగుతో కలిపి ఏడు భారతీయ భాషల్లో "భారత్" అనే పేరుకు ఐకాన్ 2011లో ఆమోదం ఇచ్చింది. అంటే చివరన ".భారత్" అని తెలుగు అక్షరాలతోనే ముగిసే చిరునామా తీసుకోవచ్చు. లోపల యంత్రం దాన్ని ఎక్స్‌ఎన్‌తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాలు, అంకెల వరుసగా మార్చుకుంటుంది, మనకు తెలుగే కనిపిస్తుంది. చిక్కు వేరే చోట ఉంది. చాలా వెబ్‌సైట్లలో దరఖాస్తు గడులు ఇంగ్లీషు చిరునామాలను ఊహించుకుని తయారైనవి. తెలుగు చిరునామాతో ఈమెయిల్ రాస్తే "తప్పు" అని ఎర్రగీత చూపిస్తాయి. గుళ్ళోకి రానిచ్చి గర్భగుడి దగ్గర ఆపినట్టు ఉంటుంది.

అక్షరాల దగ్గరే ఇంకో సంగతి. మనం అంబేద్కర్ అని రాస్తాం, అంబేడ్కర్ అనీ రాస్తాం. పోస్టర్ల మీద రెండూ చూస్తాం, ఇద్దరు మనుషులని ఎవరూ అనుకోరు. డొమైన్ వ్యవస్థకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ఒకటి మన సంఘం తీసుకుంటే, రెండోది ఎవరైనా కొనుక్కుని మన పేరుతోనే చందాలు అడగొచ్చు. మధ్యలో "డ్" పొల్లుగా విడిగా కనపడాలంటే కంటికి కనిపించని ఒక గుర్తు టైపు చెయ్యాలి. రూట్ పట్టిక నియమాలు ఆ గుర్తును ఒప్పుకోవు. ఇలాంటివి తేల్చడానికే ఐకాన్ లిపుల వారీగా నిపుణుల బృందాలు పెట్టింది. తెలుగు, కన్నడం, దేవనాగరి వంటి లిపులను చూసిన బృందం పేరు నియో బ్రాహ్మీ. (పేరు చూసి నవ్వుకోకండి. అది బ్రాహ్మీ లిపి నుంచి వచ్చిన పేరు. అశోకుడి బౌద్ధ శాసనాలు చాలావరకు ఆ లిపిలోనివే, మన భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు పేటికల మీది రాత కూడా ఆ కుటుంబానిదే.) ఒకేలా కనిపించే తెలుగు, కన్నడ అక్షరాలతో మోసం జరగకుండా వాళ్ళు నియమాలు రాశారు. తెలుగు నియమాలు 2019లో రూట్ నియమావళిలో చేరాయి. ఖరారు చేసే ముందు ప్రజాభిప్రాయం కోసం బహిరంగంగా పెట్టారు కూడా. ఎవరైనా రాయొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు, భాషాశాస్త్రం చదివే దళిత విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఆ సంగతి వాళ్ళ దాకా వచ్చిందా?

ఐకాన్‌కు ప్రాంతాల వారీ ప్రణాళికలు ఉంటాయి. మన ఆసియా పసిఫిక్ కార్యాలయం సింగపూర్‌లో ఉంది. 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా ఐకాన్ 57వ సమావేశం మన హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రభుత్వాలు, కంపెనీలు, సాంకేతిక నిపుణులు, పౌర సమాజం అందరూ సమానంగా కూర్చుంటారనేది ఆ సంస్థ చెప్పుకునే మాట. మాట మంచిదే. అయితే తలుపు తెరిచి ఉండటం వేరు, అక్కడిదాకా వెళ్ళే దారిఖర్చు ఉండటం వేరు. 2012లో డాట్ తర్వాత వచ్చే కొత్త పేర్ల కోసం దరఖాస్తులు పిలిచారు. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు. మొత్తం 1,930 వచ్చాయి. ఉత్తర అమెరికా నుంచి 911, ఆసియా పసిఫిక్ అంతటి నుంచి 303, ఆఫ్రికా ఖండం మొత్తం నుంచి 17. పేదల కోసం పెట్టిన రాయితీ పథకానికి దరఖాస్తు చేసింది ముగ్గురు, అర్హత పొందింది ఒక్కరు. 2026 విడతకు రుసుము 2,27,000 డాలర్లు.

ప్రభుత్వం తలుచుకుంటే ఆ బల్ల దగ్గర గట్టిగానే మాట్లాడుతుంది. ఒక అమెరికన్ కార్ల కంపెనీ తన ట్రక్కు పేరుతో డాట్ రామ్ కావాలని అడిగితే, డాట్ ఇండియన్స్‌తో పాటు దాన్నీ ముందుకు తీసుకుపోవద్దని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2013 డర్బన్ సమావేశంలో ప్రభుత్వాల కమిటీ దాన్ని నమోదు చేసింది. అంటే ఒక పేరు వెనక మనుషుల మనోభావాలుంటాయని ఆ వేదికకు తెలుసు. ప్రాంతీయ వ్యూహాల పేరుతో నేను చదివిన పత్రాల్లో భాష ఉంది, లింగం ఉంది, చిన్న వ్యాపారం ఉంది. మన దగ్గరికొస్తే ఆత్రేయపురం పూతరేకుల దుకాణం వాళ్ళకు కనిపించే ఖాతాదారు. కులం అన్న మాట మాత్రం నాకు ఎక్కడా ఎదురు కాలేదు.

పేరు తర్వాత మాట్లాడుకోవాల్సింది స్విచ్ గురించి. 2022 మేలో గొడవలతో కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకు చేరిన ఫోటోలు పేపర్లలో వచ్చాయి. సరిగ్గా ఆ మే 16 నుంచే 20 మంది, అంతకు మించి ఉన్న ఉపాధి హామీ పనిచోట్ల హాజరు ఫోటో యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి అయింది. ఆ కూలీల ఫోటోలు ఎక్కడా రాలేదు. దాడుల పాలయిన పక్షానికి తమ వైపు జరిగింది బయటికి చెప్పుకునే దారీ ఆ రోజుల్లో మూసుకుపోయింది.

అనూరాధా భాసిన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, నిలిపివేత ఉత్తర్వులు ప్రచురించాలనీ, నిరవధికంగా ఆపడం కుదరదనీ చెప్పింది. ఆ ఉత్తర్వును సమీక్షించే రాష్ట్ర కమిటీలో ఉండేది ప్రధాన కార్యదర్శి, న్యాయ కార్యదర్శి, మరో కార్యదర్శి. అధికారులు ఇచ్చిన ఉత్తర్వును అధికారులే చూస్తారు. విశ్రాంత న్యాయమూర్తులను, అధికారులు కానివాళ్ళను కలపాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2021 డిసెంబర్‌లోనే సిఫారసు చేసింది. 2024 నవంబర్‌లో కొత్త నియమాలు వచ్చినా కమిటీ కార్యదర్శులతోనే ఉండిపోయింది.

చివరగా మన ఇంటి సంగతి. నాకు తెలిసిన ఒక పేట యువజన సంఘం కొన్నేళ్ళు వెబ్‌సైట్ నడిపింది. దాడుల వివరాలు, ఎఫ్ఐఆర్ ప్రతులు, జయంతి ఫోటోలు అన్నీ అందులోనే. డొమైన్ తీసుకున్నది వెబ్‌సైట్ కట్టిన కుర్రాడి పేరు మీద. అతను ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, గడువు గుర్తుచేసే మెయిళ్ళు అతని పాత ఖాతాకు వెళ్ళాయి. ఇప్పుడు ఆ చిరునామా కొడితే జూదం ప్రకటనలు వస్తాయి. "మన సమాధి మీద పేకాట" అన్నారు సంఘంలో ఒక పెద్దాయన.

డాట్‌కామ్‌లో గడువు తీరాక కూడా సాధారణంగా కొన్ని వారాలు మామూలు రుసుముతో కట్టే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు ఎక్కువ డబ్బుతో విడిపించుకోవచ్చు. అదీ దాటితే ఎవరైనా తీసుకోవచ్చు. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫ్లెక్సీ ఖర్చులో సగం కూడా కాదు. మీ సంఘానికి ఇప్పటికే డొమైన్ ఉంటే ఈ వారమే హూఈజ్ అనే వెతుకుడు పేజీలో గడువు తేదీ చూడండి. రిజిస్ట్రార్ ఖాతా తెరిచి అది ఎవరి పేరు మీద ఉందో చూడండి. సంఘం పేరు మీద, ఇద్దరు ముగ్గురికి తెలిసిన మెయిల్‌తో మార్పించండి. ద్కర్, డ్కర్ రెండూ తీసుకోండి.