52వ పేరు పిలిచాక...

2015 జూన్ 25. న్యూయార్క్‌లోని బార్‌క్లేస్ సెంటర్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ డ్రాఫ్టు, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం. ముప్పై జట్లు, రెండు రౌండ్లు, అరవై పేర్లు. 52వ పేరు సత్నామ్ సింగ్. డాలస్ మావెరిక్స్ అతన్ని ఎంచుకుంది. పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లెలో రైతు కొడుకు. వయసు పందొమ్మిది, ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన తొలి ఆటగాడు. ఆ రాత్రి గురించి అందరూ రాశారు. 2016లో డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. కానీ నంద్యాల, ఆళ్లగడ్డ అమ్మానాన్నలకు అంతకంటే పనికొచ్చేది ఆ రాత్రి తర్వాత నడిచిన కథ.

మన వైపు పిల్లవాడు తొమ్మిదో తరగతికే ఆరడుగులు దాటితే వీధిలో అందరిదీ ఒకే మాట: "ఏం పెడుతున్నారప్పా వీనికి?" స్కూల్లో పీఈటీ సారు చూపు పడుతుంది. ముందు వాలీబాల్ నెట్ దగ్గర నిలబెడతారు. బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్న స్కూలైతే రింగు కిందకు పంపుతారు. జోనల్స్, జిల్లా జట్టు, అదృష్టం బాగుంటే స్టేట్ మీట్. చేతికి సర్టిఫికెట్ రాగానే ఇంట్లో లెక్క మారిపోతుంది. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందా, రైల్వేలో ఉద్యోగం వస్తుందా? కేసీ కాలువ కింద నాలుగెకరాలు చేసుకునే తండ్రి "ఆట కూడు పెడుతుందా సారూ?" అని అడగడంలో తప్పేమీ లేదు. అడగాల్సిన ప్రశ్నే అది.

సత్నామ్ తండ్రి బల్బీర్ సింగ్ కూడా ఏడడుగుల మనిషే. కానీ సేద్యంలోనే ఉండిపోయాడు, ఆటకు పోలేదు. కొడుక్కి మాత్రం ఇంటి దగ్గరే రింగు బిగించి పెట్టాడు. తర్వాత లూధియానా అకాడమీలో చేర్చాడు. 2010లో ఎనిమిది మంది భారతీయ పిల్లలకు ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ స్కాలర్‌షిప్ దొరికింది. వాళ్లలో సత్నామ్ ఒకడు. అప్పటికి పద్నాలుగేళ్లు, ఇంగ్లిష్ దాదాపు రాదు. అక్కడ ఐదేళ్లు సాధన చేశాకే డ్రాఫ్టు వచ్చింది.

డ్రాఫ్టులో పేరు పిలిస్తే కోట్లు వచ్చి పడతాయని చాలామంది అనుకుంటారు. మొదటి రౌండు వాళ్లకు కాంట్రాక్టు ఖాయం. రెండో రౌండులో జట్టుకు ఆ ఆటగాడి మీద హక్కు మాత్రమే వస్తుంది, కాంట్రాక్టు ఇవ్వాలన్న నిబంధన లేదు. సత్నామ్‌కు మావెరిక్స్ జెర్సీ వేసుకుని లాస్ వెగాస్ సమ్మర్ లీగ్ ఆడే అవకాశం దక్కింది. ఆ తర్వాత చిన్న లీగు జట్టు టెక్సస్ లెజెండ్స్‌కు వెళ్లాడు. ఆ జట్టు సొంత కోర్టు ఫ్రిస్కోలో ఉంది. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఇళ్లు కొనుక్కున్న ఫ్రిస్కోనే అది. ఆ రోజుల్లో ఆ లీగులో మామూలు కాంట్రాక్టు జీతం ఏడాదికి 26 వేల డాలర్లకు మించేది కాదు. అదే ఊళ్లో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అంతకు రెండింతలు వచ్చేది. పైగా సత్నామ్ ఎక్కువ రోజులు బెంచీ మీదే కూర్చున్నాడు. రెండు సీజన్లు గడిచినా అసలు ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

ఎందుకలా? నన్నడిగితే కారణం కోర్టు మీదే కనిపిస్తుంది. ఎదుటి జట్టు గార్డు బంతితో మూడు పాయింట్ల గీత దగ్గరకు వస్తాడు. ఆ గీత రింగుకు దాదాపు 24 అడుగుల దూరం. వాళ్ల పొడుగాటి మనిషి వచ్చి అడ్డం నిలబడతాడు. గార్డు అతని భుజం రాసుకుంటూ పక్కకు దూసుకుపోతాడు. ఆ అర సెకనులో మన సెంటర్, అంటే రింగు దగ్గర కాపలా కాసే పొడుగు ఆటగాడు, గీత దాకా వచ్చి షాట్‌కు అడ్డుపడాలి. మరుక్షణం వెనక్కి తిరిగి రింగు దాకా పరుగెత్తాలి. రింగు కిందే పాతుకుపోదామంటే మూడు సెకన్ల నిబంధన ఒప్పుకోదు. ఒక్క మ్యాచ్‌లో ఈ పని పదుల సార్లు చేయాలి. ఏడడుగుల మనిషి కాళ్లకు ఇది చిన్నప్పటి నుంచీ అలవాటై ఉండాలి. సత్నామ్ డ్రాఫ్టుకు తొమ్మిది రోజుల ముందే గోల్డెన్ స్టేట్ వారియర్స్ టైటిల్ గెలిచింది. ఫైనల్స్ మధ్యలో వాళ్లు ఏడడుగుల సెంటర్ బోగట్‌ను మొదటి ఐదుగురిలోంచి తప్పించారు. ఆ చోటు ఆరడుగుల ఆరంగుళాల ఇగ్వొడాలాకు ఇచ్చారు. ఎత్తును నమ్ముకున్న కుర్రాడు డ్రాఫ్టు దాకా వచ్చేసరికి ఆట ఎత్తును దాటి వేగం వైపు వెళ్లిపోయింది.

భారత మూలాలున్న మిగతా ఆటగాళ్ల సంగతీ చూడండి. కెనడాలో పుట్టిన పంజాబీ బిడ్డ సిమ్ భుల్లర్ 2015 ఏప్రిల్లో శాక్రమెంటో కింగ్స్‌కు ఆడాడు. మూడు మ్యాచ్‌లు, అన్నీ కలిపి దాదాపు మూడు నిమిషాలు. ఆ తర్వాత తైవాన్ లీగుల్లో ఏళ్ల తరబడి దర్జాగా ఆడాడు. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ రైల్వే ఉద్యోగి. మెల్‌బోర్న్ వెళ్లి రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్ దాకా వెళ్లింది. అమృత్‌సర్ వైపు రైతుబిడ్డ అమృత్‌పాల్ సింగ్ కబడ్డీ ఆడుతూ పెరిగి, ఆలస్యంగా బాస్కెట్‌బాల్ పట్టాడు. 2014లో చైనా గడ్డ మీదే చైనాను 65-58తో ఓడించిన భారత జట్టులో ఉన్నాడు. జపాన్‌లో ఆడి, 2017లో సిడ్నీ కింగ్స్‌లో చేరాడు. నాకు ఎక్కువ గౌరవం ఈ అమృత్‌పాల్ దారి మీదే. ఎన్‌బీఏ ఒక్కటే గమ్యం అనుకోకుండా, ఆడే నిమిషాలు ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లాడు.

సత్నామ్ కూడా 2018లో కెనడాలో సెయింట్ జాన్స్ ఎడ్జ్ జట్టుకు వెళ్లాడు. మరుసటి ఏడాది జాతీయ శిబిరంలో చేసిన డోప్ పరీక్షలో హైజెనమైన్ అనే నిషేధిత పదార్థం బయటపడింది. 2020 డిసెంబరులో రెండేళ్ల నిషేధం పడింది. ఈ పదార్థం కొన్ని మొక్కల్లోనూ, కొన్ని సప్లిమెంట్లలోనూ ఉంటుంది. జిమ్‌లో ఎవరో చెప్పారని పౌడరు డబ్బాలు కొనే కుర్రాళ్లు నంద్యాలలోనూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఈ ఒక్క పేరా గట్టిగా చదివి వినిపించండి. 2021లో సత్నామ్ అమెరికాలో ఏఈడబ్ల్యూ కుస్తీ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత అతనికి కూడు పెట్టింది ఆ రింగే.

మన పిల్లల సంగతికొస్తే, లోటు ఆడే మ్యాచ్‌ల్లోనే ఉంది. అమెరికాలో హైస్కూలు కుర్రాడు ఒక్క సీజన్లోనే పాతిక దాకా మ్యాచ్‌లు ఆడతాడు. మన దగ్గర జోనల్స్‌లో మొదటి మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి ఆట అయిపోయినట్టే. ఇది సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు. నంద్యాల జిల్లాలో కోర్టులున్న స్కూళ్లు, కాలేజీలు కలిసి జులై నుంచి జనవరి దాకా ఆదివారాలు ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడుకుంటే చాలు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. పీఈటీ సార్లు ఒప్పుకుంటే వచ్చే జులైలోనే మొదలుపెట్టొచ్చు.